లాభం, రెండు, మూడు

మా కాలేజీలో క్రిస్మస్ డిసెంబరు ఇరవై ఐదున రాదు. రెండో శుక్రవారం వస్తుంది. దాన్ని సెమీ క్రిస్మస్ అంటారు. అసలు పండుగకు పిల్లలూ సిబ్బందీ ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు కాబట్టి, కాలేజీ పండుగను ముందే చేసుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "సగం క్రిస్మస్ ఇక్కడైతే మిగతా సగం ఎక్కడండీ?" అని అడిగాను. అప్పటి ప్రిన్సిపాల్ గారు నవ్వకుండానే "మిగతా సగం కేకు మీ ఇంటికి పట్టుకెళ్ళండి" అన్నారు. పట్టుకెళ్ళాను. అప్పటి నుంచి ఏ డిసెంబరూ తప్పలేదు, కరోనా మొదటి ఏడు తప్ప.

నేను క్రైస్తవురాలిని కాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి, బోధన్ దగ్గర కాలవ కింద భూమి కొని, చెరకూ కొంత వరీ వేసిన రైతు. నేను నిజామాబాద్‌లో ఈ చిన్న క్రైస్తవ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సెమీ క్రిస్మస్‌కు వేదిక పక్కన పశువుల పాక కడతారు కదా, దాని పైకప్పుకు చెరకు ఆకు మా పొలం నుంచే వెళుతుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా తమ్ముడు చెరకు మానేసి మొత్తం వరే పెట్టాడు. అయినా గట్టు పక్కన రెండు సాళ్ళు మాత్రం ఉంచాడు. ఒక సాలు పిల్లలు తినడానికట, ఇంకో సాలు బాలయేసుకట. అది వాడి వేళాకోళం.

రిటైరైనా నాకొక పని మిగిలింది. సెమీ క్రిస్మస్ నాడు ఆ ఏడాది కాలేజీలో జరిగిన మంచిని వేదిక మీద చదువుతారు. ఎవరికి ఏ బహుమతి వచ్చింది, ఏ లెక్చరర్‌కు డాక్టరేట్ వచ్చింది, హాస్టల్లో కొత్త బోరు పడిందా, అన్నీ. ఒకసారి మూడో బహుమతి వచ్చిన కోలాటాన్ని మొదటి బహుమతి అని చదివేశారు. అసలు మొదటి బహుమతి తెచ్చుకున్న కాలేజీ వాళ్ళు అతిథులుగా ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు కూడా, పాపం. ఆ మర్నాడే ప్రిన్సిపాల్ గారు మా ఇంటికి వచ్చి, ఇకనుంచి మీరు చూసి, మీరే చదవండి అన్నారు. నా నియమం ఒక్కటే. నా కళ్ళతో పత్రం చూడందే, నా నోటితో చదవను.

కరోనా తగ్గాక వచ్చిన మూడో సెమీ క్రిస్మస్‌కు మా దగ్గర ఒక గొప్ప వార్త ఉంది. రెండో సంవత్సరం బీకాం అమ్మాయి ఒకతి యూనివర్సిటీ మహిళల నడక పోటీలో మొదటి స్థానం తెచ్చుకుంది. పరుగు కాదు, నడక. వేగంగా నడవాలి కానీ రెండు కాళ్ళూ ఒకేసారి నేల విడవకూడదు. విడిస్తే పక్కన నిలబడ్డ న్యాయనిర్ణేత కార్డు చూపిస్తాడు. నాకు ఆ ఆట నచ్చింది. కళ్ళముందే లెక్క తేలుతుంది. జనవరిలో ఆ అమ్మాయి యూనివర్సిటీ తరఫున తమిళనాడు వెళ్ళి, దేశంలోని మిగతా యూనివర్సిటీల వాళ్ళతో నడవాలి. అందుకు తల్లి సంతకం కావాలి. తండ్రి లేడు.

ప్రిన్సిపాల్ గారికి ఈ వార్త మీద చాలా ఆశ ఉంది. కాలేజీ చిన్నది. ఏటేటా చేరే పిల్లలు తగ్గుతున్నారు. వేదిక మీద చెప్పుకోవడానికి ఇంత మంచి కబురు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

సోమవారం నాడు పత్రం చూద్దామని వెళితే అమ్మాయి లేదు. మూడు రోజులుగా రావడం లేదట. ఫోన్ కలవడం లేదట. ఆఫీసులో గుమస్తాను పిలిచి అడిగాను. నలభై ఏళ్ళ మనిషి, చర్చిలో పాటలు పాడతాడు, ఎవరి మనసూ నొప్పించడు.

"నేను వాళ్ళమ్మతోని మంచిగనే మాట్లాడిన మేడం" అన్నాడు. "వందనాలక్కా, శుక్రవారం మీ బిడ్డ అందరి ముందట సాక్ష్యం చెప్పాలె, మీరు గూడ వచ్చి సంతకం పెట్టాలె అన్న. అంతె. ఫోన్ పెట్టేసింది."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. చర్చికి వెళ్ళే వాళ్ళకు సాక్ష్యం అంటే తమకు జరిగిన మంచిని పదిమందిలో నిలబడి చెప్పుకోవడం. పరీక్ష పాసైతే సాక్ష్యం, జ్వరం తగ్గితే సాక్ష్యం. మిగతా నిజామాబాద్‌కు సాక్ష్యం ఉండేది ఒక్కచోటే.

మర్నాడు ఉదయం అతన్ని వెంటబెట్టుకుని ఆటోలో కంఠేశ్వర్ వెళ్ళాను. గుడి వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాకిట్లో ఎండకు చాప వేసి, ఒకవైపు చాటలో బీడీ ఆకు, తంబాకు. ఇంకోవైపు బియ్యం మూట విప్పి ఉంది. జక్రాన్‌పల్లిలో పుట్టింటి వాళ్ళు పంపిన కొత్త బియ్యమని తర్వాత తెలిసింది. తల్లి మానికతో ఆ బియ్యం కొలిచి డ్రమ్ములో పోయడం అప్పుడే మొదలుపెట్టింది. గోడకు కొట్టిన మేకుకు, పాలిథిన్ సంచిలో కట్టి, అమ్మాయి బూట్లు వేలాడుతున్నాయి. అమ్మాయి చాట ముందు కూర్చుని తల ఎత్తకుండా బీడీలు చుడుతోంది.

"వందనాలక్కా" అన్నాడు గుమస్తా.

ఆమె ఎడమచెయ్యెత్తి ఆగమంది. "లాభం" అని మొదటి మానిక పోసింది. "రెండు. మూడు."

"అక్కా, మేము కాలేజి నుంచి..."

చెయ్యి ఇంకా పైకి లేచింది. "నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది."

నేను అరుగు మీద కూర్చున్నాను. కొలత మధ్యలో మాట్లాడని మనిషంటే నాకు గౌరవం. మూట సగమయ్యాక, మానికను బియ్యంలోనే నిలబెట్టి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని మా వైపు తిరిగింది.

"ఇగ చెప్పుండ్రి. ఎవరి మీద కేసు?"

"కేసేందక్కా?"

"నువ్వే గదనే ఫోన్ జేసినవు, సాక్ష్యమని! మా మరిది ఒక్కసారి సాక్ష్యం చెప్పిండు. సైకిల్ దొంగను సూసిన అన్నడు, గంతే. నాలుగేండ్లు కోర్టు సుట్టు తిప్పిండ్రు. దొంగ మంచిగనే ఉన్నడు. మా మరిదే తిరగలేక సైకిల్ అమ్ముకున్నడు."

అమ్మాయి తల ఎత్తకుండానే అంది. "కోర్టు కాదే అమ్మా అని మూడొద్దుల నుంచి చెప్తున్న. ఇంటలేదు మేడం."

"నువ్వు ఊకో. నీకేమెరుక?"

గుమస్తా చేతులు జోడించాడు. "కోర్టుల కాదక్కా. దేవుని ముందట."

"దేవుని ముందటనా? అంటె ఒట్టు పెట్టియ్యాలెనా?"

"ఒట్టు కాదక్కా. దేవుడు చేసిన మేలు పదిమందికి చెప్పుడు."

ఆమె గుడి వైపు చెయ్యి చూపింది. "నా బిడ్డ గెలువాలెనని నేను కంఠేశ్వరునికి కొబ్బరికాయ మొక్కిన. గా మేలు గూడ చెప్తదా మరి మీ స్టేజి మీద?"

అతను నా వైపు చూశాడు.

"చూడమ్మా" అన్నాను. "నేను ఆ కాలేజీలో చేరినప్పుడు నా నుదుట ఎంత బొట్టు ఉందో, ఇప్పటికీ అంతే ఉంది. తీయమని ఎవరూ అనలేదు. సాక్ష్యం మాట వదిలేయ్. అమ్మాయి నోరు విప్పక్కర్లేదు. పత్రం చూసి నేనే చదువుతాను."

"ఏమని సదువుతరు?"

"నడక పోటీలో యూనివర్సిటీ మొత్తానికి మొదటి స్థానం అని."

"ఏడ? మైకులనా?"

"మైకులోనే."

"అయ్యో!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. కోర్టు అన్నప్పుడు కూడా అంత భయపడలేదు. "మైకుల ఒద్దు మేడం. నిరుడు మా గల్లీల ఒక పిల్లకు ఇంటర్ల ఫస్టొచ్చిందని ఫ్లెక్సీ గట్టిండ్రు. వారం తిరగలే, మెట్ల మీదికెల్లి పడి కాలిరిగింది. నా బిడ్డకు ఉన్నయే కాళ్ళు."

పక్కింటి గుమ్మంలోంచి ఒక ముసలామె, ఎప్పటి నుంచి వింటోందో, "గా పిల్ల ఫోన్ల మాట్లాడుకుంట దిగిందే. ఫ్లెక్సీ ఏం జేసింది?" అంది.

"నువ్వుండు అవ్వా. దిష్టిగాకుంటె ఫోన్ గప్పుడే ఎందుకొస్తది?"

ముసలామె కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"అయినా నడుసుడుకు బహుమానమేంది మేడం?" అంది తల్లి, కాస్త తేరుకుని. "ఎండల బీడీల గంప ఎత్తుకొని కార్ఖానాకు నేను నడుస్తలేనా? నాకెవలిచ్చిండ్రు?" అంటూనే కూతురి వైపు చూసిన చూపులో మాత్రం గర్వం దాగలేదు. "సంతకం పెడ్త. బిడ్డను అంత దూరం పంపుత గూడ. గని ఒక్క మాట. మైకుల రెండోదని సదువుండ్రి."

"అమ్మా! ఫస్టొచ్చిన గదనే!"

"నాకెర్కలేదా? ఇంట్ల ఫస్టు. మైకుల సెకండు. ఫస్టని సదివిండ్రా, తమిళనాడు లేదు, ఏం లేదు. బూట్లు గా మేకుకే ఉంటయి."

అమ్మాయి లోపలి నుంచి పత్రమూ ఫలితాల పట్టికా తెచ్చి నాకు చూపించి, మమ్మల్ని సందు చివరి దాకా సాగనంపింది. గుమస్తా ఆటో కోసం ముందుకు వెళ్ళగానే నా పక్కకు వచ్చి అంది. "నా పేరు సదవకున్నా నడుస్తది మేడం. రెండోది మాత్రం అనకుండ్రి. గా గీత నేనే ముందు దాటిన. ఎవరన్న ఒక్కసారి పదిమందిల అంటె వినాలెనని ఉంది నాకు."

ఆటోలో గుమస్తా నా వైపు తిరిగాడు. "మాకు చిన్నప్పటి నుంచి గదే మాట మేడం. ఇంకో అర్థముంటదని సోయే లేదు" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు మొత్తం విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. వార్త చదవకుండా వదిలేద్దామా అన్నారు. అప్పటికే పిల్లలందరికీ తెలిసిన విషయం. మన నోట రాకపోతే అమ్మాయి నలుగురిలో తలెత్తుకోలేదు అన్నాను. అయితే రెండోదని చదువుతారా అని అడిగారు. నేను ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను. ఆమే తల అడ్డంగా ఊపారు. "అది అబద్ధ సాక్ష్యం అవుతుంది మేడం. మా పది ఆజ్ఞల్లోనే కూడదని ఉంది."

"మా లెక్కల్లోనూ కూడదు" అన్నాను.

మొదటిదని చదివితే అమ్మాయి తమిళనాడు వెళ్ళదు. రెండోదని చదివితే వెళుతుంది, కానీ గెలిచింది గెలిచినట్టు ఉండదు. నా జీవితంలో ఎన్నో లెక్కలు చేశాను. జవాబు ముందే తెలిసి, దాన్ని ఎలా రాయాలో తెలియని లెక్క ఇదొక్కటే.

శుక్రవారం పొద్దున ఉప్మా తినబుద్ధి కాక, అన్నమే పెట్టుకుందామని బియ్యం తీశాను. ఒక్కదాన్నే కాబట్టి రెండు చిన్న గ్లాసులు. మొదటి గ్లాసు గిన్నెలో పోస్తూ, నాకు తెలియకుండానే, "లాభం" అన్నాను.

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

మా నాన్న కళ్ళంలో ధాన్యం కొలిపించేటప్పుడు నేను పక్కనే నిలబడి లెక్క పెట్టేదాన్ని. మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు. లాభం అంటారు. ఒకటితో మొదలుపెడితే రాశి ఒకటి దగ్గరే ఆగుతుందని, లాభంతో మొదలుపెడితే పెరుగుతుందని నమ్మకం. ఏడును ఏడు అనరు, అందులో ఏడుపు వినిపిస్తుందని. ఆరున్నొకటి అంటారు. బడిలో పంతులు గారి దగ్గర ఒకటి, కళ్ళంలో నాన్న దగ్గర లాభం. రెండూ ఒకే కొలత. మా నాన్న అబద్ధం చెబుతున్నాడని ఏ వ్యాపారీ అనలేదు. మంగళవారం కంఠేశ్వర్‌లో ఆ తల్లి నా కళ్ళముందే అలాగే కొలిచింది. నేను ఆమె చేతిని చూశాను కానీ ఆమె నోటి మాట వినలేదు.

పదకొండింటికి కార్యక్రమం మొదలైంది. చెరకు ఆకు పాకలో గొర్రెబొమ్మల పక్కన ఎవరో నిజం మేకపిల్లను కట్టారు. అది కప్పు తినడం మొదలుపెడితే విప్పి బయటికి తీసుకెళ్ళారు. పాటల బృందంలో సగం మంది క్రైస్తవులు కారు. బురఖా వేసుకున్న అమ్మాయి ఒకతి అందరికంటే పైస్థాయిలో పాడింది. అమ్మాయి తల్లి చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. కుడిచేతి గుప్పిట మూసే ఉంది. నిమ్మకాయ అయి ఉంటుందనుకున్నాను. అమ్మాయి నాలుగో వరుసలో, చెవి వెనక కాటుక చుక్కతో ఉంది. సంతకం కాగితం ఇంకా ఖాళీగా గుమస్తా జేబులో ఉంది.

నా వంతు వచ్చింది. హాస్టల్ బోరు చదివాను. తెలుగు లెక్చరర్ డాక్టరేట్ చదివాను. బోధన్‌లో జరిగిన క్విజ్ చదివాను, మూడో బహుమతిని మూడో బహుమతి అనే చదివాను. తర్వాత కళ్ళజోడు సర్దుకున్నాను. చివరి వరుసలో గుప్పిట బిగుసుకోవడం అంత దూరం నుంచీ కనిపించింది.

"యూనివర్సిటీ మహిళల నడక పోటీ" అన్నాను. "గీత దాటిన వాళ్ళను దాటిన వరుసలో కొలుస్తున్నాను. లాభం, మన కాలేజీ అమ్మాయి." ఆమె పేరు చదివాను. "రెండు, బోధన్ నుంచి వచ్చిన అమ్మాయి. మూడు, ఆర్మూర్ నుంచి వచ్చిన అమ్మాయి. మన లాభం జనవరిలో తమిళనాడుకు వెళుతోంది."

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా మెండోర వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల దగ్గర కదలిక పుట్టింది. వాళ్ళలో ఒకడు "అరే, లాభమంటె ఒకటిరా!" అని పక్కవాడి వీపు మీద చరిచాడు. అక్కడ నుంచి చప్పట్లు మొదలై టౌన్ పిల్లల వరుసలకు ఆలస్యంగా చేరాయి. ప్రిన్సిపాల్ గారు గుమస్తా వైపు వంగి అడిగారు, అతను చెవిలో చెప్పాడు, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాలుగో వరుసలో అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తేలలేదు. దాని తల్లి మాత్రం తలుపు పక్కన పెదవులు కదుపుతోంది. నేను మూడు దగ్గర ఆపేశాను కదా, ఆమె నాలుగు, అయిదు అంటూ ముందుకు పోతోంది. అలవాటు.

కేకు పంచేటప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"మైకుల ఫస్టనలే" అంది.

"అనలేదు."

"సెకండు గూడ అనలే."

"అనలేదు."

"అబద్ధం గూడ ఆడలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరు లెక్కల మేడమా, మాటల మేడమా?"

గుమస్తా కాగితం, పెన్ను రెండూ చాపాడు. ఆమె నిలబడే, నా వీపు మీద కాగితం పెట్టుకుని, అక్షరం అక్షరంగా పేరు రాసింది. ఎంత గట్టిగా ఒత్తి రాసిందంటే ఆ పేరులో ఎన్ని అక్షరాలున్నాయో నేను చూడకుండానే చెప్పగలను. తర్వాత అమ్మాయిని పాక వెనక్కి లాక్కెళ్ళి, గుప్పిట్లో నిమ్మకాయతో మోకాళ్ళ నుంచి పాదాల దాకా మూడుసార్లు దిష్టి తీసింది. ఆ పక్కనే నిలబడి ఉన్న ప్రిన్సిపాల్ గారు అటు తిరిగి, కప్పు మీద కట్టిన నక్షత్రంలో బల్బు వెలుగుతోందో లేదో పరీక్షగా చూశారు. మిట్టమధ్యాహ్నం.

జనవరి మూడో వారంలో, నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే, ఫోన్ మోగింది.

"అవ్వా, నేను" అంది ఆ తల్లి. మేడం నుంచి అవ్వకు నేను ఎప్పుడు మారానో తెలియదు. "పిల్ల ఫోన్ జేసింది. నడుసుడు అయిపోయిందట."

"ఎన్నో స్థానం?"

"ఆరున్నొకటి!"

నేను వెంటనే లెక్కలో పడ్డాను. "ఎంతమందిలో?"

"గది నేనడుగలే. గీత దాటినవా అన్న. దాటిన అన్నది. కాళ్ళు మంచిగున్నయా అన్న. ఉన్నయన్నది. ఎంతమందో మీరే అడుగుండ్రి, లెక్కలు మీయి."

అడుగుతానన్నాను. పత్రం తెచ్చి చూపించమని చెప్పమన్నాను. ఫోన్ పెట్టేయబోతుంటే ఆమె మళ్ళీ అంది.

"అవ్వా, వచ్చే క్రిస్మస్‌కు గిది గూడ సదువుతరు గదా? ఈసారి మైకుల గట్టిగ సదువుండ్రి. ఆరున్నొకటికి ఎవ్వరు దిష్టి పెట్టరు."